ఎండ తగలకుండా ద్రాక్షను మూడు నెలలు ఎలా ఆరబెడతారు?

బ్రాడీపేట, గుంటూరు:
ఇటలీలో వెరోనా పక్కన వాల్పొలిచెల్లా కొండల్లో తరతరాలుగా వైన్ చేసే కుటుంబాలు అమరోనే అనే ఎర్ర వైన్ కోసం ద్రాక్షను అటక మీద మూడు నాలుగు నెలలు ఆరబెడతాయి. మిర్చి తెలిసినవాళ్లకి ఇది మింగుడుపడదు. కళ్లంలో కాయ మీద రెండు రోజులు మబ్బు పట్టిందంటే తాలు పెరుగుతుంది, బూజు మొదలవుతుంది. నిండా నీళ్లుండే ద్రాక్ష, అదీ చలికాలంలో, నీడన కుళ్లకుండా ఎలా ఉంటుంది? పది రోజులు ఎండలో పెట్టి తేల్చేస్తే ఏం పోతుంది? ఇంకోటి, మన దగ్గర నలుగురు అన్నదమ్ములంటే నాలుగు గట్లు పడతాయి. అక్కడ తోట ముక్కలు కాకుండా ఎలా నిలుస్తోంది?

తెనాలి:
మిర్చితో పోలిక ఒకచోట తెగిపోతుందండీ. మిర్చిలో తేమ 10 శాతం దగ్గరికి దిగాలి. ద్రాక్ష అంత ఎండకూడదు. బరువులో 30 నుంచి 40 శాతం తగ్గితే చాలు, అంటే 100 కిలోలు 60, 70 కిలోలవుతాయి. తొక్క ముడతపడాలి, నొక్కితే మాత్రం లోపల రసం తగలాలి. కిస్మిస్ అయిందంటే పిండడానికేమీ ఉండదు.

కోసిన తర్వాత కూడా కాయ బతికే ఉంటుంది. నెమ్మదిగా ఆరేకొద్దీ మాలిక్ ఆమ్లం తగ్గుతుంది, వాసనలు మారతాయి. ఎండలో నీరు త్వరగా పోతుంది గానీ ఈ మార్పులకి వ్యవధి దొరకదు, పైగా ఉడికిన జామ్ వాసన పడుతుంది.

కుళ్లకుండా ఉండడమనేది కోత రోజే తేలుతుంది. కొర్వీనా, కొర్వినోనే, రొండినెల్లా రకాల్లో కాయలు వదులుగా ఉన్న గుత్తులనే చేత్తో ఏరి కోస్తారు. కాయలు ఒరుసుకునే గుత్తిలో ఒక్కటి చిట్లినా రసం పక్కవాటికి అంటుతుంది, చిన్న ఈగలు మూగుతాయి, పులుపు అక్కడే పుడుతుంది. గుత్తి మీద గుత్తి ఎక్కకుండా ఒక్క వరుసే పరుస్తారు. పూర్వం పట్టుపురుగులు పెంచిన తడికెలనే దీనికీ వాడేవారు, వాటిని అరెలె అంటారు. ఇప్పుడు ఎక్కువగా చిల్లుల ట్రేలు.

ఆ గది పేరు ఫ్రుత్తాయో. ఎదురెదురు కిటికీలుంటాయి. పొడిగాలి వీస్తే తెరుస్తారు, పొగమంచు దిగితే మూసి ఫ్యాన్లు వేస్తారు. మొదటి రెండు మూడు వారాలే గండం, ఎందుకంటే కాయలో నీరెక్కువ, బయట ఇంకా వెచ్చదనం ఉంటుంది. ట్రేలు ఒక్కొక్కటే చూసి బూజు కాయను కత్తెరతో తీసేయాలి. బోట్రైటిస్ బూజు తెల్ల తీపి వైన్లకు మేలు చేయొచ్చు గానీ ఎర్ర వైన్‌కి చేటు. దాంట్లోని లాక్కేజ్ ఎంజైమ్ రంగును తినేసి ఇటుకపొడి రంగుకి తెస్తుంది.

పటమట, విజయవాడ:
తెనాలి గారు ఆరబెట్టడం బాగా చెప్పారు. నాకైతే అసలు కష్టం ఆ తర్వాతే అనిపిస్తుంది. మామూలుగా డిసెంబర్ 1 కంటే ముందు ఈ ద్రాక్షను పిండకూడదని నిబంధన. అంటే పులియబెట్టేది గడ్డకట్టే చలిలో. రసంలో లీటరుకు 280 గ్రాముల చక్కెర ఉందనుకోండి. సుమారు 17 గ్రాములకు ఒక శాతం ఆల్కహాల్ లెక్కన అంతా పులిస్తే 16 దాటుతుంది. చలి ఒకవైపు, ఆల్కహాల్ ఒకవైపు, మధ్యలో ఈస్ట్ చతికిలబడుతుంది. మిగిలిన చక్కెర మీద లాక్టిక్ బ్యాక్టీరియా పడితే వెనిగర్ వాసన.

అలా ఆగినప్పుడు పొడి ఈస్ట్ నేరుగా చల్లితే చచ్చిపోతుంది. ఆల్కహాల్ తట్టుకునే రకాన్ని గోరువెచ్చని నీళ్లలో లేపి, ఆగిన వైన్ కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేసి, తొట్టిని 18–20 డిగ్రీలకు తెచ్చాక పోయాలి. అమరోనే అనే మాట 'చేదు' అనే అర్థంలోంచి వచ్చింది. తీపి మిగిల్చి ఆపేస్తే అది అమరోనే కాదు, రెచోతో అనే తీపి వైన్.

100 కిలోల పచ్చి ద్రాక్షకు 40 లీటర్లు మించకూడదు. మామూలు ఎర్ర వైన్ 65, 70 లీటర్లు వస్తుంది, ధర తేడా అక్కడే పుడుతుంది. పిప్పి కూడా వృథా పోదు. దాని మీద మామూలు వాల్పొలిచెల్లా వైన్ పోస్తే మళ్లీ పులుస్తుంది, దాన్నే రిపాస్సో అంటారు.

బ్రాడీపేట, గుంటూరు:
చాలా థాంక్సండీ ఇద్దరికీ. మిర్చిని రాత్రి కుప్ప చేసి పట్టా కప్పే పద్ధతి అక్కడ ఎందుకు పనికిరాదో ఇప్పుడు అర్థమైంది. వాటాల సంగతి ఎవరికైనా తెలుసా?

అరండల్‌పేట, గుంటూరు:
వీలునామా రాసి అంతా ఒక్కడికే ఇచ్చేద్దామంటే ఇటలీలో కుదరదు. భార్య, ఇద్దరో అంతకన్నా ఎక్కువమందో పిల్లలు ఉంటే ఆస్తిలో సగం పిల్లలకి సమానంగా, పావు వంతు భార్యకి తప్పనిసరి. యజమాని ఇష్టానికి మిగిలేది పావే. తోటల్ని చీల్చేది ఇదే.

2006లో 'పత్తో ది ఫమీల్యా' అనే ఒప్పందం చట్టంలోకి వచ్చింది. తండ్రి బతికుండగానే వ్యాపారాన్ని నడపగల బిడ్డకి నోటరీ ముందు రాసిస్తాడు. భార్య, మిగతా పిల్లలు అంతా ఆ పత్రంలో పాల్గొనాలి. తోట తీసుకున్నవాడు మిగతావాళ్లకి వాటా విలువ డబ్బుగానో వేరే ఆస్తిగానో కట్టాలి, వాళ్లు వద్దంటే తప్ప. తర్వాత తండ్రి పోయాక ఆ తోటను మళ్లీ పంపకాల లెక్కలోకి లాగలేరు. చిక్కల్లా ఆ డబ్బు తేవడమే. వైన్ పీపాల్లో ఉంటుంది, అమరోనేకి కనీసం రెండేళ్లు ఆగాలి. ఆ లెక్క ముందే వేసుకోని ఇంట్లో ఒప్పందం రాసుకున్నా తోటలో ముక్క అమ్మాల్సి వస్తుంది.