సమస్యాపూరణం: మాపువేళ శుభోదయ మనియె నతడు

నిర్వాహకుడు: తేటగీతి. ఫిన్లండ్‌నో జర్మనీనో తలచుకొని పూరించండి.

గోదారిగట్టు:
హాంబురుగు రేవులో దిగి యచటి వాని
పలుకరింపగ సంధ్యలో, బదులుగాను
"మోయి"నని నవ్వె, నాకేమొ మొదట తోచె
"మాపువేళ శుభోదయ" మనియె నతడు!

ఉత్తర జర్మనీలో పొద్దున, మధ్యాహ్నం, అర్ధరాత్రి ఎప్పుడైనా "మోయిన్" అంటారు. ఉదయం అనే అర్థమున్న "మోర్గెన్" నోట్లో అరిగి ఇలా అయిందని చాలామంది నమ్మకం. భాషావేత్తల్లో ఎక్కువమంది మొగ్గు వేరు: "లో జర్మన్" అనే ఉత్తరాది ప్రాంతీయ భాషలో "మోయ్" అంటే మంచి, అందమైన. "మోయెన్ డాగ్", అంటే శుభదినం, కురచై ఆ పలకరింపు మిగిలింది. డచ్చిలో "మోయ్" అంటే ఇప్పటికీ అందమైన అనే.

నిర్వాహకుడు: బాగుందండీ. "తోచె" అనడంతో సమస్య విరోధం విడిపోయింది. హా–య యతి సరే. దిగింది ఎవరో మూడో పాదం దాకా తెలియదు, అదొక్కటే చిన్న లోటు.

చలిమిడి:
ఒక్క "మోయి"కి రాకయౌ, నొకటి పైన
వెళ్ళుటౌను ఫిన్లండున, వింత గాదె!
జర్మనుడు రెంటి నొక్కట జంట జేసి
మాపువేళ శుభోదయ మనియె నతడు.

నిర్వాహకుడు: సంగతి అసలైనది. ఫిన్లండ్‌లో "మోయి" రాగానే, "మోయి మోయి" వెళ్లేటప్పుడు. జర్మనీలో "మోయిన్ మోయిన్" అన్నా పలకరింపే. కానీ మీ నాలుగో పాదం మోర్గెన్ కథనే నిజమని ఒప్పేసుకుంది, గోదారిగట్టు గారిలా "తోచె" అనే మెలిక లేదు. "జర్మనుడు", "అతడు" రెండు కర్తలయ్యాయి కూడా. ఇంకోటి, ఫిన్నిష్ మాటా జర్మన్ మాటా ఒక్కలా వినిపించినంత మాత్రాన చుట్టరికం కలిపేయకండి.

ఉత్తరాది పిట్ట:
ఉత్తరపు ఫిన్ను సీమలో నుండు వాడు
జూను నెలలోన గుంకని సూర్యు జూచి
రేయి పగలును తెలియక రెప్ప లార్చి
మాపువేళ శుభోదయ మనియె నతడు.

గోదారిగట్టు: మాట జోలికే పోకుండా తప్పించుకున్నారు, భలే! హెల్సింకీలో జూన్‌లోనూ పొద్దు గుంకుతుంది. ఫిన్లండ్ ఉత్తరపు కొసనున్న ఉత్స్‌యోకిలోనైతే రెండు నెలలకు పైగా గుంకదు, కాబట్టి "ఉత్తరపు" అన్నది దండగ మాట కాదు. అక్కడ పుట్టి పెరిగినవాడు మాత్రం తికమకపడడు. "నుండబోయి" అని మార్చండి: కొత్తగా వెళ్లినవాడవుతాడు, కర్తా ఒక్కడే మిగులుతాడు.

చలిమిడి: డెన్మార్క్ దక్షిణాన సెలవు తీసుకునేటప్పుడూ "మోయ్న్" అంటారట. అది పట్టుకొని ఇంకోటి రాస్తాను, రేపటిదాకా ఆగండి.