అప్‌డేట్: సర్వే వలకు పన్నెండు రకాల కన్నులెందుకు?

స్వీడన్ సరస్సుల్లో చేపల సర్వేకు వాడే గిల్ నెట్ (చేప మొప్పల దగ్గర ఇరుక్కునే వల) గురించి ఇంతకుముందు అడిగాను. ఒకే వలలో అన్ని రకాల కన్నులెందుకు, పడినవాటిని బట్టి సరస్సులో ఎన్ని చేపలున్నాయో చెప్పవచ్చా అన్నవి నా ప్రశ్నలు. జవాబిచ్చినవారికి కృతజ్ఞతలు. ఆగస్టులో ఒక బృందంతో పడవెక్కి స్వయంగా చూశాను.

వల పొడవు 30 మీటర్లు, ఎత్తు మీటరున్నర. రెండున్నర మీటర్ల ముక్కలు పన్నెండు, ఒక్కో ముక్కకు ఒక్కో సైజు కన్ను (రంధ్రం). కన్ను ముడి నుంచి ముడికి 5 మిల్లీమీటర్ల నుంచి 55 వరకు ఉంటుంది. వరస మాత్రం కలగాపులగం: 43 పక్కన 19.5, ఆ పక్కన 6.25! తల దూరి ఒళ్లు దూరక మొప్పల దగ్గర ఇరుక్కోవాలి కాబట్టి, ఒక్కో కన్ను దాదాపు ఒక్కో సైజు చేపనే పడుతుంది. ఒకే కన్ను వల వేస్తే సరస్సంతా ఒకే ఈడు చేపలున్నట్టు కనిపిస్తుంది.

రెండో ప్రశ్నకు జవాబు: చెప్పలేం. రాత్రికి ఒక్కో వలలో ఎంత పడిందో తెలుస్తుంది, అంతే. దాన్ని అదే పద్ధతిలో తీసిన పాత లెక్కతోనో, మరో సరస్సుతోనో పోల్చుకోవాలి. పైగా తిరిగే చేపే వలకు తగులుతుంది. పొంచి ఉండే పైక్ తక్కువగా పడుతుంది, ఈల్ దాదాపు పడదు. ముళ్ల పెర్చ్ మాత్రం దండిగా చిక్కుకుంటుంది. విడదీసిన నా వేళ్లకు బాగా తెలుసు.

పడిన చేపల్లో చాలావరకు చనిపోతాయి. అది నాకు ఇంకా మింగుడుపడలేదు.

బొచ్చెలు పెరిగే మన జలాశయాలకు 55 మిల్లీమీటర్ల కన్ను చాలదనిపిస్తోంది. అక్కడ సర్వే చేసినవారు ఏ కన్నులు వాడారో చెప్పగలరా?