అన్నదానంలో స్టీలు ప్లేట్లు పెడదామంటే "ఎవరు కడుగుతారు" అంటున్నారు, ఏం చెప్పాలి?

నాలాపక్కిల్లు:
మాది నాగోల్ వైపు కాలనీ, ఓ నూట నలభై ఇళ్లుంటాయి. గల్లీ చివర నాలా, అది పోయి మూసీలో కలుస్తుంది. జూన్ నుంచి మేం ఆరుగురం రెండు వారాలకోసారి ఆదివారం పొద్దున ఆరింటికే గ్లవ్స్ వేసుకుని నాలా గట్టు మీద ప్లాస్టిక్ ఏరుతున్నాం. మొదటిసారి పదకొండు గోనె సంచులు నిండాయి, గ్రూపులో ఫోటోలు పెడితే అందరూ దండాల బొమ్మలు పెట్టారు గానీ గట్టు దగ్గరికి ఒక్కరూ రాలేదు. రెండు వారాలకు వెళ్లి చూస్తే మళ్లీ అంతే చెత్త. ఇంకో తలనొప్పి, ఏరిన సంచుల్ని చెత్త ఆటో అన్న తీసుకోనన్నాడు. తడీ పొడీ బురదా కలిసిపోయింది, ఇదే ఎక్కించుకుంటే మిగతా ఇళ్లకు బండిలో చోటేదీ అన్నాడు, అతన్ని తప్పు పట్టలేం కూడా. మూడు రోజులు మా గేటు ముందే ఉన్నాయి, కుక్కలు చింపాయి, మా అమ్మ తిట్లు వేరే.

ఇప్పుడు అసలు సంగతి. వినాయక చవితి దగ్గరికొచ్చింది. పోయినేడు మండపం దగ్గర అయిదు రోజులు అన్నదానం పెట్టారు, రోజుకు మూడొందల మంది తిన్నారు. ప్లేట్లు, గ్లాసులు, వాటర్ ప్యాకెట్లు అన్నీ వాడి పారేసేవే. మర్నాడు చూస్తే మేం అప్పటిదాకా ఏరినదంతా తెచ్చి నాలాలో తిరగబోసినట్టుంది. ఈసారి స్టీలు ప్లేట్లు పెడదామని కమిటీ పెద్దాయనను అడిగితే "ఎవరు కడుగుతారు తమ్ముడూ, నువ్వు కడుగుతావా?" అన్నాడు. నిజం చెప్పాలంటే నోరు పెగల్లేదు. మేం ఆరుగురమే, అందులో ఇద్దరిది నైట్ షిఫ్ట్. చేసినవాళ్లుంటే చెప్పండి.

అంట్లతొట్టి:
తమ్ముడూ, ఆయన అడిగింది మంచి ప్రశ్నే. కడగడమే అసలు పని, తక్కినవన్నీ కబుర్లు. మల్కాజిగిరిలో మా గల్లీలో రెండేళ్లుగా చేస్తున్నాం, మొదటి ఏడాది ఉత్సాహంతో మేమే కడుగుతామన్నాం, రెండో రోజుకు నడుములు పోయాయి, మూడో రోజు మళ్లీ పేపర్ ప్లేట్లే. ఈ మాట ఎవరికీ చెప్పుకోలేదు గానీ నువ్వడిగావు కాబట్టి చెబుతున్నా.

తర్వాతి ఏడాది టెంట్ హౌస్ నుంచి ప్లేట్లు, గ్లాసులు అద్దెకు తెచ్చాం. ఫంక్షన్లలో అంట్లు తోమే ఇద్దరు ఆడవాళ్లను కూలి మాట్లాడుకుని పెట్టాం. దేవుడి పని కదా అని మీ ఇళ్లలో పనిచేసే అమ్మలతో ఊరికే తోమించొద్దు, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా. మరి మన వాలంటీర్లకు పనేంటి అంటావా? తిన్నవాళ్లు ప్లేటు ఎక్కడ పడితే అక్కడ పెట్టి పోకుండా తొట్టి దగ్గర నిలబడటం, మెతుకులు బకెట్‌లోకి దులిపించడం, రాత్రి లెక్క చూసి అప్పజెప్పడం. గ్లాసులు తెగ పోతాయి, పిల్లలు ఆడుకోవడానికి పట్టుకుపోతారు. పోయినవాటికి డబ్బు కట్టాలి కాబట్టి కొంచెం పక్కన పెట్టుకో.

నీళ్ల సంగతి కూడా ముందే చూసుకో, మన దగ్గర ట్యాంకర్ రాకపోతే అంతే సంగతులు. పారే నీళ్ల కింద కాకుండా ఒక తొట్టిలో సబ్బు నీళ్లు, రెండు తొట్లలో మంచినీళ్లు పెట్టి వరసగా ముంచి తీస్తే నీళ్లు చాలా ఆదా అవుతాయి.

కాగితంపులి:
కమిటీ వాళ్లు "అయితే పేపర్ గ్లాసులు పెడదాం" అంటారు చూడు, ఒప్పేసుకోకు. పేపర్ గ్లాసు లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, అందుకే చాయ్ పోసినా నానదు. విస్తర్లయినా తిరగేసి చూసి కొను, మోదుగాకు విస్తరి అని అమ్ముతారు, కొన్నిటికి అడుగున ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంటుంది. ఉత్త ఆకుదైతే తడి చెత్తలో వేసేయొచ్చు.

ఇక చట్టం సంగతి. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ దేశమంతా నిషేధం. చేతి కవర్లయితే అదే ఏడాది డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలచగా ఉండకూడదు. వాటర్ ప్యాకెట్లు ఆ జాబితాలో లేవు, మీ నాలాలో ఎక్కువగా తేలేవి అవేనేమో. అలాగని చట్టం కాగితం పట్టుకుని మండపానికి వెళ్లకు. ఫైన్ అనే మాట ఎత్తావంటే నీకు ప్రసాదం కూడా పెట్టరు.

పాతసామాను_పిల్ల:
అన్నా, నీ గోనె సంచుల గురించి నేను చెబుతా. మా నాన్నది ఉప్పల్‌లో పాత సామాన్ల దుకాణం, చిన్నప్పటి నుంచి చూస్తున్నా. బురద కలిసిన ప్లాస్టిక్‌ను ఎవరూ కొనరు. వాటర్ బాటిళ్లు, షాంపూ డబ్బాలు, నూనె క్యాన్లు, విరిగిన బకెట్లు కొంటారు. పాల కవర్లు కూడా కొంటారు, కడిగి ఆరబెట్టి ఉంటేనే. చిప్స్ ప్యాకెట్లు మాత్రం వద్దంటారు, అందులో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు కలిసిపోయి ఉంటాయి, విడదీయలేం. అలాంటివి సిమెంట్ ఫ్యాక్టరీల్లో బొగ్గుతో పాటు కాలుస్తారు, కానీ అక్కడిదాకా చేరాలంటే ముందు పొడి చెత్తలో పడాలి కదా. కాబట్టి గట్టు మీదే మూడు సంచులు పెట్టుకుని ఏరేటప్పుడే వేరు చేయండి, ఇంటికొచ్చాక ఎవరూ చేయరు. ఆటో అన్నకు శనివారమే ఫోన్ చేసి రోజుకు రెండు సంచుల చొప్పున ఇస్తామని చెప్పు, పదకొండూ ఒకేసారి ముందర పడేస్తే ఎవరైనా కాదంటారు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు. ఆ గట్టు మీద పొద్దున్నే బాటిళ్లు ఏరుకునే వాళ్లు ఒకరిద్దరు ఉంటారు, మీ కంటికి ఆనకపోవచ్చు. మీరు ఆదివారం ఆరింటికే అన్నీ ఊడ్చేస్తే వాళ్ల రోజు కూలి పోయినట్టే. మా దుకాణానికి వచ్చే ఒక పెద్దమ్మ ఇలాగే, ఎవరో సార్లు వచ్చి బాటిళ్లన్నీ తీసుకుపోయారని ఏడ్చింది. బాటిళ్లు వాళ్లకు వదిలేసి, వాళ్లు ఏరని కవర్లు, ప్యాకెట్లు మీరు తీయండి.

నాలాపక్కిల్లు:
అక్కా, నీ మెసేజ్ చదివి కాసేపు ఏమీ తోచలేదు. నిజంగానే అక్కడ ఒకామె ఉంటుంది, మేం రాగానే పక్కకు వెళ్లిపోయేది, మేమేమో సిగ్గుపడుతోంది అనుకున్నాం. ఈ ఆదివారం ఆమెతో మాట్లాడతాను.

నిన్న రాత్రి మళ్లీ కమిటీ దగ్గరికి వెళ్లాను. కూలికి మనిషిని పెడతాం, ఆ డబ్బు మేం ఆరుగురం వేసుకుంటాం, మొదట ఒక్కరోజే చేసి చూద్దాం అన్నాను. ప్లేట్లకు ఒప్పుకోలేదు. గ్లాసులకు, వాటర్ ప్యాకెట్ల బదులు కుళాయి ఉన్న డ్రమ్ములకు ఒప్పుకున్నారు. పెద్దాయన పోతూ పోతూ "ఒక్క గ్లాసు పోయినా నీ పేరు మీదే రాస్తా" అన్నాడు. అంట్లతొట్టి అన్నా, మీకు ఎన్ని పోయాయో కాస్త లెక్క చెప్పవా?

అంట్లతొట్టి:
మొదటి రోజు ఇరవై మూడు. రెండో రోజు నుంచి మా అమ్మను కుర్చీ వేసి డ్రమ్ము పక్కన కూర్చోబెట్టాం, తర్వాత ఒక్కటీ పోలేదు.