విచ్చేసిందా, వచ్చిందా, దిగిందా: ఒక పాత ఫొటో కింద రాయవలసిన క్రియ

ప్రశ్న (హనుమకొండ నుంచి)

సభ్యులకు నమస్కారం. మా కళాశాలలో పెట్టబోయే పాత ఫొటోల ప్రదర్శనకు తెలుగు వ్యాఖ్యలు సిద్ధం చేస్తున్నాము. వాటిలో ఒకటి, 1898 జనవరి 25న అమెరికా యుద్ధనౌక ‘మెయిన్’ క్యూబాలోని హవానా రేవులోకి ప్రవేశిస్తుండగా తీసినది. రెండు పొగగొట్టాలు, రెండు స్తంభాలు, తెల్లరంగు వేసిన ఓడ, రేవు ముఖాన కాపలాగా నిలిచిన మోరో కోట, అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. ఒక విద్యార్థిని దీని కింద ‘సుహృద్భావ సందర్శనకై విచ్చేసిన యుద్ధనౌక’ అని రాసుకొచ్చింది. వాక్యంలో వ్యాకరణదోషమేమీ లేదు గాని, దిద్దబోయిన నా చేయి ‘విచ్చేసిన’ దగ్గర ఆగిపోయింది.

అప్పుడు హవానా స్పెయిన్ ఏలుబడిలో ఉంది. ఆ నెలలో నగరంలో అల్లర్లు చెలరేగడంతో, అక్కడున్న తన పౌరులకు అండగా ఉండాలని అమెరికా ఆ నౌకను పంపించి, పైకి మాత్రం స్నేహపూర్వకమైన రాక అని చెప్పింది. శుభలేఖల్లోనూ ఫ్లెక్సీల మీదా కనిపించే ఆ మర్యాద మాట, ఫిరంగులు మోసుకొచ్చిన ఓడకు తగునా?

జవాబు (కరీంనగర్ నుంచి)

సార్, ‘విచ్చేసిన’ వద్దనుకుంటే ‘సందర్శక యుద్ధనౌక’ అంటే సరిపోదా? పొట్టిగానూ ఉంటుంది.

జవాబు (విశాఖపట్నం నుంచి)

నేను పుట్టింది హసన్‌పర్తిలోనే అయినా, ఇరవై ఏళ్లుగా సముద్రం పక్కన ఉంటున్నాను కనుక రెండు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నాను. ‘సందర్శక యుద్ధనౌక’ అంటే ఇక్కడివారికి టికెట్టు కొని లోపలికి వెళ్లి చూసే ఓడ అనే తోస్తుంది, ఎందుకంటే మా బీచి ఒడ్డున మ్యూజియంగా మార్చి నిలిపిన కురుసుర జలాంతర్గామికి వచ్చేవారినే మేము సందర్శకులంటాము. సందర్శించేది ఓడా, ఓడను చూడవచ్చిన మనిషా అన్నది ఆ సమాసంలో తేలదు. ఇక మాటల్లోనంటారా, ఇక్కడ ఎంత పెద్ద యుద్ధనౌకైనా ‘హార్బరుకు షిప్పొచ్చింది’ అంటారు, అంతే.

ఇంకొక సంగతి. సందేహం వచ్చినప్పుడల్లా మనవాళ్లు ‘లంగరు వేసిన’ అని రాసేస్తుంటారు. ఈ ఫొటోకు అది తప్పు, ఓడ ఇంకా నడుస్తోంది. తర్వాత కూడా దానిని రేవు మధ్యనున్న ఒక బోయాకు, అంటే అడుగున బిగించి నీటిపై తేలేలా ఉంచిన పీపాలాంటి దానికి, కట్టి ఉంచారు.

ప్రశ్న వేసిన నేను మళ్లీ

విశాఖ మిత్రులకు కృతజ్ఞతలు. ‘లంగరు వేసిన’ అని నేనూ ఒక చిత్తుప్రతిలో రాసి ఉంచాను, కొట్టేశాను.

‘విచ్చేయు’, ‘వేంచేయు’ అన్నవి రాకను మాత్రమే చెప్పి ఊరుకునే క్రియలు కావు, వచ్చినవారిని పెద్ద చేసి, ఎదురేగిన మనలను ఆతిథేయులుగా నిలబెడతాయి. మేడారంలో సారలమ్మ కన్నెపల్లి నుంచి, సమ్మక్క చిలుకలగుట్ట నుంచి వచ్చినప్పుడు ‘తల్లి గద్దెకు చేరింది’ అంటాము. పిలిచిన తల్లి, ఎదురుచూసిన జనం కనుక మామూలు ‘చేరు’ ధాతువే అక్కడ నిండుగా పలుకుతుంది. అదే బలగాల విషయానికి వస్తే ‘ఊళ్లోకి దిగారు’ అంటాము. ‘దిగు’లో పిలవని రాక ఉంది, ‘మోహరించు’లో ఎదుట శత్రువు ఉన్నాడు. ‘దిగిన’ అంటే స్పెయిన్ పక్షాన మాట్లాడినట్టు, ‘విచ్చేసిన’ అంటే అమెరికా ప్రకటనను తెలుగు చేసినట్టు. వ్యాఖ్య రాసేవాడు ఈ రెండు పడవల మీదా కాలు పెట్టకూడదు.

ఓడలు బండ్లు కావడం సామెతలో తప్ప చూడని మా వరంగల్లులో ‘యుద్ధనౌక’ అనగానే పిల్లలకు గద్దర్ గుర్తుకొస్తాడు. ‘ప్రజాయుద్ధనౌక’ అన్న బిరుదు వల్ల ఆ మాట మాకు ఓడ కన్నా పాటకు దగ్గరైంది, అందువల్ల ‘అమెరికా’ అన్న విశేషణాన్ని దాని పక్కనే ఉంచక తప్పదు. ‘రేవు’ అన్నా మాకు ముందు తోచేది చాకిరేవే. ‘నౌకాశ్రయం’ అందామంటే అందులోని ‘ఆశ్రయం’ నన్ను బాధపెట్టింది, ఎందుకంటే ఫిబ్రవరి 15 రాత్రి ఆ ఓడ అక్కడే పేలిపోయి 260 మందికి పైగా చనిపోయారు, ఏప్రిల్‌కల్లా యుద్ధం వచ్చింది. మన గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం గుర్తుకొచ్చింది. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు మొత్తం లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని అందులో చెప్పుకొన్నాడు. ఆశ్రయమంటే అది. హవానాకు ‘రేవు’ చాలు.

చివరికి ‘1898 జనవరి 25: హవానా రేవులోకి వస్తున్న అమెరికా యుద్ధనౌక మెయిన్’ అని రాయించాను. విద్యార్థిని ఒప్పుకుంది గాని, వెంటనే ఇంకొక ప్రశ్న వేసింది. మర్యాదకు బదులు మర్యాదగా స్పెయిన్ పంపిన ‘విస్కాయా’ యుద్ధనౌక, మెయిన్ పేలిన సంగతి దారిలో తెలియక, ఫిబ్రవరి 18న న్యూయార్క్ చేరింది కదా, దానికి ఏ క్రియ వాడాలి సార్ అని. ఆ ఫొటో మా ప్రదర్శనలో లేదు కనుక బతికిపోయాను. సభ్యులెవరికైనా తోస్తే చెప్పండి.