అప్‌డేట్: అమ్మ ముక్కు పక్కన మానని నల్ల మచ్చ

పక్కు కట్టి, ఊడి, మళ్లీ రక్తం వస్తోంది, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. "ఆయింట్‌మెంట్లు ఆపి బయాప్సీ చేయించండి" అన్న సలహానే పనికొచ్చింది, చాలా థాంక్స్. తిరుపతి స్విమ్స్‌లో చిన్న ముక్క తీసి పరీక్షించారు: బేసల్ సెల్ కార్సినోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్. క్యాన్సర్ అనగానే అమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఈ రకం వేరే అవయవాలకు పాకడం చాలా అరుదని డాక్టరమ్మ నిదానంగా చెప్పాకే అన్నం తినింది.

చుట్టూ కాస్త మంచి చర్మంతో సహా కోసి తీశారు. కోసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవని రిపోర్టు వచ్చింది, కీమో అక్కర్లేదన్నారు. షుగర్ వల్లో, కళ్లజోడు రాపిడి వల్లో అనుకున్నాం కానీ, వాటికీ దీనికీ సంబంధమే లేదు. మన దేశంవాళ్లలో ఇది తరచూ నల్లగా, పుట్టుమచ్చలాగే ఉంటుందట. అమ్మకైతే అంచు ముత్యంలా మెరిసేది. చెకప్‌లు మాత్రం మానకూడదన్నారు. మామిడితోటకు ఇప్పుడు ముఖానికి ఎండ తగలకుండా కొంగు కప్పుకొని, ఎండ తగ్గాకే వెళ్తోంది.