థైరాయిడ్ మాత్ర వేస్తున్నా పాప బరువు తగ్గట్లేదు, ఇంకేం మానిపించాలి?

వెన్నముద్ద: పాపకి 9 ఏళ్లు. 127 సెం.మీ., 38 కిలోలు. హైపోథైరాయిడ్‌కి (థైరాయిడ్ తక్కువగా పనిచేయడం) ఆరు నెలలుగా 50 మైక్రోగ్రాముల మాత్ర. మొన్న టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే పెరిగే హార్మోన్) 7.9, అంటే ఎక్కువే, టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) నార్మల్. ఏడింటికి మాత్ర, పావుగంటకి పాలు పోసిన రాగిజావ. క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేశాం, ఉప్పు కూడా సైంధవ లవణానికి మార్చాం.

గోరుముద్ద: మానిపించడం తర్వాతండీ, ముందు ఆ పావుగంట సంగతి చూడండి. వంద గ్రాముల రాగిపిండిలో దాదాపు 350 మి.గ్రా. కాల్షియం, పైగా పాలు. కాల్షియం మాత్రని పేగులోనే పట్టేస్తుంది, రక్తంలోకి సరిగా ఎక్కనివ్వదు. ఆరింటికే లేపి మంచినీళ్లతో వేసి మళ్లీ పడుకోబెట్టినా సరే. టిఫిన్‌కి గంట, కనీసం అరగంట ఎడం ఉండాలి. జావ సాయంత్రం పెట్టండి. ఐరన్ టానిక్, కాల్షియం సిరప్ వాడుతుంటే నాలుగు గంటల ఎడం. ఇలా 6–8 వారాలు వేశాక టెస్ట్ చేయించండి. ఆ రోజు రక్తం ఇచ్చాకే మాత్ర. జుట్టుకని బయోటిన్ గమ్మీలు పెడుతుంటే రెండ్రోజుల ముందే ఆపాలి, లేకపోతే రిపోర్టు తప్పుగా రావచ్చు.

తులసికోట: ఉప్పు మాత్రం ఇవాళే వెనక్కి మార్చండి. సైంధవ లవణంలో చాలావరకు అయోడిన్ కలపరు. ప్యాకెట్ మీద నవ్వే సూర్యుడి గుర్తున్న ఉప్పు కొని, మూత ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టుకోండి. అలాగని అయోడిన్ చుక్కలు, సముద్రపు నాచు మాత్రలు వద్దు, ఎక్కువైనా థైరాయిడ్ దెబ్బతింటుంది. క్యాబేజీ ఉడికించి వారానికి ఒకట్రెండుసార్లు పెడితే ఏం కాదు, పాపం దాన్నెందుకు ఆడిపోసుకోవడం! మీల్‌మేకర్ మాత్రం మాత్ర వేసిన పూట వద్దు.

చింతచిగురు: బరువంతా థైరాయిడ్ మీదకి నెట్టకండి. దానివల్ల పెరిగేది కొద్ది కిలోలే, అందులోనూ చాలావరకు ఒంట్లో చేరిన నీరు. అసలు బరువు ఎక్కువున్న పిల్లల్లో టీఎస్‌హెచ్ 5–10 మధ్య ఉండటం మామూలే, బరువు తగ్గితే అదీ దిగుతుంది. అందుకే జబ్బు నిజంగా థైరాయిడ్‌దేనా అని తేల్చడానికి యాంటీ టీపీఓ (ఒంట్లో థైరాయిడ్‌కి వ్యతిరేకంగా తయారయ్యే యాంటీబాడీల రక్తపరీక్ష) చేయించారో లేదో డాక్టర్‌ని అడగండి. బరువు తగ్గాలని డోసు పెంచమనడం తప్పు, గుండెదడ, నిద్రలేమి వస్తాయి.

ఈ వయసులో బరువు తగ్గించనక్కర్లేదు, ఆరు నెలలు పెరగకుండా ఆపితే చాలు, ఎత్తు పెరుగుతుంది కదా. కంచంలో సగం కూర, కప్పు అన్నం, కప్పు పప్పు లేదా గుడ్డు. పాలు రోజుకి రెండు గ్లాసులే, అందులో హెల్త్ డ్రింక్ పొడి వద్దు, చక్కెర ఎక్కువ. నలుగురికి నెలకి రెండు లీటర్ల నూనె దాటకూడదు. రోజూ గంటసేపు చెమట పట్టేలా ఆడాలి. ఎత్తు ఏడాదికి 4 సెం.మీ. కూడా పెరగకపోతే బరువు సంగతి పక్కనపెట్టి వెంటనే డాక్టర్‌కి చూపించండి.

వెన్నముద్ద: ఒకరోజు మాత్ర మర్చిపోతే?

గోరుముద్ద: ఆ రోజే గుర్తొస్తే వేసేయండి. మర్నాడు గుర్తొస్తే ఒకటే వేయండి, రెండూ కలిపి కాదు.