వైన్ లేకుండా చీజ్ ఫాండ్యూ: ముద్ద కట్టకుండా ఎలా?

జ్యూరిక్_కోడలు: ఊరి నుంచి అత్తయ్య, మామయ్య వచ్చారు. ఇద్దరికీ మందు వాసన కూడా పడదు. పోయిన వారం ఫాండ్యూకి (కరిగించిన చీజ్‌లో బ్రెడ్ ముక్కలు ముంచుకుని తినే స్విస్ వంటకం) వైన్ బదులు నీళ్లు పోసి గ్రుయేర్ అనే స్విస్ చీజ్ కరిగిస్తే అడుగున రబ్బరు ముద్ద, పైన నూనె. గరిటె ఎత్తితే ముద్దంతా దాంతోపాటే లేచింది. 600 గ్రాముల చీజ్ పారేశాను, ఏడుపొచ్చింది. శనివారం మళ్లీ చేయాలి. ఏం పోయాలి? ఏ బ్రెడ్? మట్టి కాక్లోన్ (ఫాండ్యూ చేసే గిన్నె) ఇండక్షన్ మీద పెట్టొచ్చా?

లోజాన్‌లో_మేము: పులుపు లేకే అలా అయింది. 400 గ్రాముల చీజ్‌కి 170 మి.లీ. నీళ్లు, ఒక టేబుల్‌స్పూన్ నిమ్మరసం. తురుముకి రెండు టీస్పూన్ల కార్న్‌ఫ్లోర్ పట్టించి, సన్న సెగ మీద గుప్పెడు గుప్పెడుగా వేస్తూ 8 అంకెలా తిప్పండి. మూడేళ్లుగా మా ఇంట్లో ఒక్కసారి కూడా విరగలేదు. చివర్లో అడుగంటిన పెచ్చు కోసం పిల్లలు కొట్టుకుంటారు.

పాతకాపు: ఇంత కష్టం ఎందుకండీ? వైన్ పోస్తే వేడికి ఆల్కహాల్ అంతా ఆవిరైపోతుంది. పెద్దవాళ్లకి చెప్పకపోతే సరి.

నెల్లూరు_వంటిల్లు: చెప్పకపోతే సరా? నమ్మి కంచం ముందు కూర్చున్నవాళ్లకి అలా పెడతామా? ఒక పెళ్లిలో మా నాన్నకి వైన్ కలిపిన సాస్ వడ్డించారు. తెలిశాక రెండు రోజులు అన్నం ముట్టలేదు ఆయన.

డైరీ_టెక్: ఆవిరైపోతుందన్నది తప్పు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో 15 నిమిషాలు ఉడికినా 40 శాతం మిగులుతుందని ఉంది. ఫాండ్యూని అంతగా మరిగించరు కూడా. పదకొండేళ్లు చీజ్ సెక్షన్‌లో పనిచేసి చెబుతున్నాను: వైన్‌లోని టార్టారిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టుకుంటుంది, అందుకే ప్రొటీన్ ముద్ద కట్టదు. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లమూ అదే పని చేస్తుంది.

పాతకాపు: అంత నిష్ఠ ఉన్నవాళ్లు గ్రుయేర్ ఎలా తింటున్నారు? దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో (పాలను గడ్డకట్టించే ఎంజైమ్) చేస్తారు దాన్ని.

నెల్లూరు_వంటిల్లు: మాట మార్చకండి! మందు గురించి కదా అడిగింది.

డైరీ_టెక్: రెన్నెట్ విషయంలో మాత్రం ఆయన చెప్పింది నిజమే.

కూకట్‌పల్లి_నుంచి: మేం అమూల్ ప్రాసెస్డ్ చీజ్, పాలతో చేస్తాం. ఎమల్సిఫైయింగ్ సాల్ట్స్ (కొవ్వు, నీళ్లు విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు) ముందే ఉంటాయి కాబట్టి విరగదు. ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంటుంది, రెన్నెట్ గొడవే లేదు. మా పిల్లలు మిరపకాయ బజ్జీలు ముంచుకుని గిన్నె ఊడ్చేశారు.

లోజాన్‌లో_మేము: బజ్జీలు ముంచితే అది ఫాండ్యూ ఎలా అవుతుందండీ!

ఫ్రిబూర్_వాసి: నీళ్లతో కుదరదని ఎవరన్నారు? మా ఫ్రిబూర్‌లో (స్విట్జర్లాండ్‌లోదే) వాష్రాన్ అనే మెత్తటి చీజ్ ఒక్కదాన్నే నీళ్లతో కరిగిస్తారు, వైన్ చుక్క పడదు. వేలు పెడితే కాలకూడదు, అంత తక్కువ సెగ. ఉడికించిన బంగాళాదుంపలతో తినండి.

జ్యూరిక్_కోడలు: అత్తయ్యకి రెన్నెట్ సంగతి చెప్పేశాను, దాచబుద్ధి కాలేదు. గ్రుయేర్ వద్దన్నారు. వాష్రాన్‌లోనూ అదే వేస్తారా? కాక్లోన్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

కూకట్‌పల్లి_నుంచి: మట్టిది ఇండక్షన్ మీద వేడెక్కదమ్మా. ఇనపది కొను.